ఎనభై అయిదేళ్ళ విద్యార్థి



శాంతినికేతన్‌లో కళాభవన్ అనే కళావిద్యాలయం ఆవరణలో డిజైన్ విభాగం వారి భవనం ఒకటి ఉంది. దాని వెలుపలి గోడల నిండా నలుపు తెలుపు బొమ్మలు. పక్షులు, జంతువులు, మనుషులు, ఆకులు, తీగలు ఒకదానిలోంచి ఒకటి పుట్టుకొస్తున్నట్టు ఉంటాయి. 1990ల తొలినాళ్ళలో చిత్రకారుడు కె.జి. సుబ్రమణ్యన్ ఆ గోడలకు బొమ్మలు వేశారు. ఎండకూ వానకూ అవి వెలిసిపోయాయి. 2009లో ఆయనే ఆ గోడల్ని మళ్ళీ చేపట్టారు. అప్పటికి ఆయనకు ఎనభై అయిదేళ్ళు. వెలిసిన గీతల మీద రంగు దిద్ది ఊరుకుంటే ఎవరూ తప్పుపట్టేవారు కాదు. ఆయన మాత్రం ఆ గోడల మీద కొత్త బొమ్మలకు చోటిచ్చారు.

మన ఇళ్ళలో చదువంటే ఒక వయసుకు ముగిసిపోయే వ్యవహారం. డిగ్రీ చేతికొస్తుంది, ఉద్యోగం వస్తుంది, పుస్తకాలు అటకెక్కుతాయి. ఆ తర్వాత ఏదైనా నేర్చుకోవాలంటే మొహమాటం అడ్డొస్తుంది. ఈ వయసులో ఏం నేర్చుకుంటాంలే అనే మాట మనమే అనేసుకుంటాం. సమకాలీన చిత్రకళ, శిల్పకళ ఆ మాటను ఒప్పుకోవు. గీసేవాళ్ళను చివరి రోజు దాకా విద్యార్థులుగానే ఉంచుతాయి. చూసేవాళ్ళనూ అలాగే ఉంచుతాయి. ఈ పూట నేను మీతో పంచుకోదలచింది ఈ ఒక్క విషయమే.

సుబ్రమణ్యన్‌కు ఎప్పటికీ నేర్చుకుంటూ ఉండే ఆ అలవాటు ఎక్కడినుంచి వచ్చిందో చెప్పాలంటే ఆయన గురువు దగ్గరికి వెళ్ళాలి. ఆ గురువు బినోద్ బిహారీ ముఖర్జీ. 1904లో పుట్టారు. పుట్టుకతోనే చూపు బలహీనం. ఒక కన్ను పనిచేయదు, రెండో కంటికి దగ్గరివి తప్ప కనిపించవు. అలాంటి పిల్లవాడు చిత్రకళ నేర్చుకుంటానంటే ఏ బడి చేర్చుకుంటుంది? కళాభవన్ చేర్చుకుంది. అక్కడి గురువు నందలాల్ బోస్‌కు శిష్యుడయ్యారు. 1946, 47 సంవత్సరాల్లో శాంతినికేతన్ హిందీ భవన్‌లో మధ్యయుగపు భక్తుల జీవితాలను గోడల మీద చిత్రించారు. రామానుజులు, కబీరు, సూరదాసు, తులసీదాసు ఆ గోడల మీద నడుస్తూ, బోధిస్తూ, పాడుతూ కనిపిస్తారు.

అది తడి సున్నపు గార మీద వేసే పద్ధతి. ఆ రోజు ఎంత మేర బొమ్మ వేయగలరో అంత మేరే గార పూస్తారు. అది ఆరేలోపు రంగు పడాలి. ఆరిపోతే రంగు గోడలోకి ఇంకదు, పైపైన నిలిచి రాలిపోతుంది. తప్పు పడితే చెరిపేది లేదు, గార చెక్కేసి మళ్ళీ పూయాల్సిందే. మామూలుగా ఇలాంటి పనికి బొమ్మ మొత్తాన్ని ముందే కాగితం మీద పూర్తి కొలతతో గీసుకుని, గోడకు అచ్చు దించుకుంటారు. బినోద్ బిహారీ అలా అచ్చు దించుకోకుండా నేరుగా గోడ మీద వేశారు. దూరంగా నిలబడి మొత్తం గోడను ఒక్క చూపులో చూసే శక్తి ఆయన కంటికి లేదు. అయినా ఆ గోడల మీద జనప్రవాహం ఎక్కడా తెగదు. ఆ పనిలో ఆయనకు సాయం చేసిన విద్యార్థుల్లో సుబ్రమణ్యన్ ఒకరు.

యాభై దాటాక, కంటి ఆపరేషన్ వికటించి బినోద్ బిహారీకి ఉన్న కొద్ది చూపూ పోయింది. చిత్రకారుడికి అంతకంటే పెద్ద దెబ్బ ఏముంటుంది? ఆయన కళాభవన్‌కు తిరిగి వచ్చి కళాచరిత్ర బోధించారు. అంతటితో ఆగలేదు. రంగు కాగితాలు మడిచి, కత్తిరించి, అతికించి బొమ్మలు కూర్చడం మొదలుపెట్టారు. మైనంతో చిన్న చిన్న ఆకారాలు చేశారు. వేళ్ళతో తడిమి గీతకు దారి వెతుక్కున్నారు. 1972లో కళాభవన్‌లో పింగాణీ పలకలతో ఒక పెద్ద గోడచిత్రం కూర్చారు. కాగితం మడతల్లో పుట్టిన ఆకారాలే ఆ పలకల మీదికి ఎక్కాయి. ఒకప్పుడు ఆయన దగ్గర చదువుకున్న సత్యజిత్ రాయ్ అదే ఏడాది ఆయన మీద డాక్యుమెంటరీ తీశారు. పేరు ‘ది ఇన్నర్ ఐ’. అందులో ఆ పెద్దాయన చేతుల్ని చూడండి. కాగితం అంచు వెంట వేలు నెమ్మదిగా జరుగుతుంది, ఆగుతుంది, మళ్ళీ జరుగుతుంది. నలభై ఏళ్ళు రంగులతో పనిచేసిన మనిషి తాకి చూడడమనే విద్యను ఓనమాల నుంచి దిద్దుకోవడం అక్కడ కనబడుతుంది.

బినోద్ బిహారీ తన జీవితాన్ని బెంగాలీలో రాసుకున్నారు. ‘చిత్రకర్’ ఆ పుస్తకం పేరు. దాన్ని ఇంగ్లీషులోకి తెచ్చింది సుబ్రమణ్యన్. అప్పటికి ఆయనే దేశమంతా గౌరవించే గురువు. గురువు మాటల వెంట వాక్యం వాక్యం నడవడానికి ఆ వయసులో కూర్చున్నారంటే, శిష్యరికం ఆయన దృష్టిలో ఎప్పటికీ ముగియలేదన్నమాట.

సుబ్రమణ్యన్ 1924లో ఉత్తర కేరళలో పుట్టారు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో అర్థశాస్త్రం చదివారు. క్విట్ ఇండియా ఉద్యమంలో జైలుకు వెళ్ళారు. ఆ చదువు అక్కడితో ఆగిపోయింది. 1944లో కళాభవన్‌లో చేరారు. తర్వాత బరోడా విశ్వవిద్యాలయంలో లలితకళల విభాగంలో పాఠాలు చెప్పారు. ఇంతవరకూ పేరున్న చిత్రకారులెందరి జీవితాలో ఇలాగే ఉంటాయి. ఆ తర్వాత ఆయన చేసింది మాత్రం చాలామంది చేయనిది. పాఠాలు చెబుతున్న ఉద్యోగం వదిలి 1959లో అఖిల భారత చేనేత బోర్డులో చేరారు. నేతగాళ్ళ మధ్య, మగ్గాల మధ్య పనిచేసి బరోడాకు తిరిగొచ్చారు. చిత్రకారుడు పెద్ద, చేతిపనివాడు చిన్న అనే తేడా ఆయన దగ్గర చెల్లలేదు. పడుగూ పేకల లెక్క తెలిసిన మనిషి నుంచి నేర్చుకునేది ఎంతో ఉందని ఆయన నమ్మారు. బరోడాలో విద్యార్థులూ అధ్యాపకులూ కలిసి తిరునాళ్ళలాంటి ఉత్సవం జరిపేవారు. దానికోసం ఆయన చెక్కతో, తోలుతో, పూసలతో బొమ్మలు చేశారు. పిల్లలకు కథలు రాసి, తనే బొమ్మలు వేసి పుస్తకాలు అచ్చు వేయించారు. 1963లో లక్నోలో రవీంద్రాలయ భవనం గోడకు ఎనభై అడుగుల పైచిలుకు పొడవున మట్టిపలకలతో గోడచిత్రం చేశారు. యాభై దాటాక గాజు వెనకనుంచి బొమ్మ వేసే పద్ధతి పట్టుకున్నారు.

ఆ పద్ధతి మన తంజావూరులో, పాత ఇళ్ళ పూజగదుల్లో ఉన్నదే. అందులో పని తలకిందులుగా సాగుతుంది. కాగితం మీద బొమ్మ వేసేటప్పుడు కళ్ళూ ముక్కూ, నగానట్రా చివర్న దిద్దుతాం. గాజు వెనక వేసేటప్పుడు అవే ముందు పడాలి. వాటి వెనక ముఖం రంగు, దాని వెనక బట్టలు, అన్నిటికీ వెనక నేపథ్యం. ఒకసారి ముఖం మీద రంగు పడ్డాక కనుబొమ్మ సరిచేయాలన్నా కుదరదు. ముప్ఫై ఏళ్ళుగా చేతికి అలవాటైన వరస అంతా ఇక్కడ అక్కరకు రాదు. ఆలోచన తిరగబడాలి. ఆ వయసులో ఆయన కోరి కోరి ఆ చిక్కులోకి దిగారు.

ఈయన శిష్యుల్లో మనవాళ్ళున్నారు. మెదక్ జిల్లా నిజాంపూర్‌లో 1940లో పుట్టిన కె. లక్ష్మా గౌడ్ హైదరాబాదులో చదువు ముగించుకుని బరోడా వెళ్ళి సుబ్రమణ్యన్ దగ్గర చేరారు. గోడచిత్రాలు, ముద్రణ కళ నేర్చుకున్నారు. లక్ష్మా గౌడ్ పేరు చెప్పగానే ముందు గుర్తొచ్చేవి ఆయన ఎచింగులు. ఎచింగ్ ఎలా చేస్తారో తెలిస్తే ఆ బొమ్మను చూసే తీరే మారిపోతుంది కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

ఒక జింకు రేకు తీసుకుంటారు. దాన్ని నున్నగా చేసి, పైన మైనం కలిసిన నల్లటి పూత పూస్తారు. ఆరాక సూదిమొనతో ఆ పూత మీద గీస్తారు. గీసినచోట పూత లేచిపోయి లోహం బయటపడుతుంది. ఇప్పుడా రేకును ఆసిడ్ నీళ్ళలో ముంచుతారు. పూత ఉన్నచోట ఆసిడ్ ఏమీ చేయదు. గీత ఉన్నచోట లోహాన్ని తింటుంది, సన్నగా గాడి పడుతుంది. ఎంతసేపు ఉంచితే గాడి అంత లోతు, అచ్చులో గీత అంత నలుపు. కొన్ని గీతలు పలచగా కావాలంటే రేకు బయటికి తీసి వాటిని మళ్ళీ పూతతో కప్పి, మిగతావాటిని ఇంకొంతసేపు ఆసిడ్‌కు వదలాలి. తర్వాత పూత మొత్తం తుడిచేసి, సిరా పట్టించి, పైపైన ఉన్న సిరాను గుడ్డతో తుడిచేస్తారు. గాళ్ళలో ఉన్నది మాత్రం మిగులుతుంది. దాని మీద తడిపిన దళసరి కాగితం పరిచి రోలర్ల మధ్య నుంచి గట్టిగా నడిపిస్తే, కాగితం గాళ్ళలోకి దిగి సిరాను పీల్చుకుని వస్తుంది. రేకు మీద కుడివైపు ఉన్న మేక కాగితం మీద ఎడమవైపు కనిపిస్తుంది.

ఇంత తెలిశాక లక్ష్మా గౌడ్ మేకల ఒంటి మీది వెంట్రుకల్ని, పొదల్లో ముళ్ళను, పల్లెటూరి ఆడామగల ముఖాల మీది ముడతల్ని చూడండి. వెంట్రుకంత గీతలు, ఒక్కో చోట వందల కొద్దీ. ప్రతి గీతా ఆసిడ్ లెక్క తెలిసిన చేతిలోంచి వచ్చింది. అంత పట్టు చిక్కిన విద్యతో బతుకంతా వెళ్ళిపోవచ్చు, పేరూ డబ్బూ దానితోనే వచ్చాయి. ఆయన ఆగలేదు. నీటిరంగులు, పాస్టెళ్ళు, గాజు వెనక చిత్రాలు, కాల్చిన మట్టి, కంచు, ఇలా ఒక్కొక్కటే చేపట్టారు. మట్టితో తలలు చేసి, కాల్చి, రంగులద్దారు. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో సరోజినీ నాయుడు స్కూల్లో విద్యార్థులకు పాఠాలు చెబుతూ ఇవన్నీ చేశారు. 2016లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

కరీంనగర్ ప్రాంతపు బూరుగుపల్లి నుంచి వచ్చిన తోట వైకుంఠం కూడా బరోడాలో సుబ్రమణ్యన్ దగ్గర చదువుకున్నవారే. పెద్ద బొట్టు, ఎర్రచీర, నల్లటి ఒళ్ళు, నిండైన నగలతో ఆయన గీసే తెలంగాణ ఆడవాళ్ళు ఇవాళ ఎన్నో ఇళ్ళ గోడల మీద ఉన్నారు. ఊరు వదిలి అంత దూరం వెళ్ళి నేర్చుకున్న మనిషి చివరకు తన ఊరి ఆడవాళ్ళనే కొత్తగా చూశారు. బి. నర్సింగరావు ‘దాసి’ సినిమాకు కళాదర్శకత్వం చేసి జాతీయ బహుమతి అందుకున్నది కూడా ఈయనే.

ఇక చూసేవాళ్ళ సంగతి. లక్ష్మా గౌడ్ మేక మేకలా ఉంటుంది కాబట్టి మనకు ఇబ్బంది లేదు. సమకాలీన కళలో చాలా వాటి ముందు నిలబడితే ‘నాకేం అర్థం కాలేదు’ అంటాం. ఆ మాట అంటున్నప్పుడు గొంతులో కొంచెం సిగ్గు, కొంచెం కోపం ఉంటాయి. మనల్నెవరో పరీక్ష పెట్టి తప్పించారన్నట్టు ఉంటుంది. నా ఉద్దేశంలో ‘అర్థం కాలేదు’ అన్న చోటే నేర్చుకోవడం మొదలవుతుంది. అక్కడినుంచి వెనక్కి తిరగకుండా ఇంకో అయిదు నిమిషాలు నిలబడగలిగితే చాలు.

ఒక ఉదాహరణ చెబుతాను. షీలా గౌడ అని కర్ణాటక కళాకారిణి. 1957లో భద్రావతిలో పుట్టారు. ఆవిడా సుబ్రమణ్యన్ శిష్యురాలే. తర్వాత లండన్‌లో చదువుకుని నూనెరంగుల చిత్రాలు వేశారు. 1990ల తొలినాళ్ళలో, దేశంలో మతకల్లోలాలు చెలరేగిన రోజుల్లో, ఆ రంగులు చాలవనిపించి ఆవుపేడతో పనిచేయడం మొదలుపెట్టారు. పేడ మన వాకిట్లో కళ్ళాపి, మన గోడ మీద పిడక. దాన్ని గ్యాలరీలోకి తెచ్చారు. 2009లో వెనిస్ బియెనాలే అనే అంతర్జాతీయ కళాప్రదర్శనలో ఆవిడ పెట్టిన పనికి పేరు ‘బిహోల్డ్’. అందులో ఉన్నవి రెండే వస్తువులు. మనిషి వెంట్రుకలతో పేనిన తాడు, దాదాపు నాలుగు కిలోమీటర్ల పొడవు. దానితోపాటు కార్ల బంపర్లు, ఇరవై దాకా. నల్లటి తాళ్ళు గోడల మీద వేలాడుతూ, నేల మీద కుప్పలుగా పడుతూ, ఉక్కు బంపర్లను పైకెత్తి మోస్తుంటాయి.

వెనిస్‌లో దాన్ని చూసిన విదేశీయుడికి అది వింత. మనకు వింత కాకూడదు. లారీలకూ ఆటోలకూ దిష్టి తగలకుండా ముందు భాగంలో నల్లటి తాడు కట్టడం మనం రోజూ చూసేదే. బెంగళూరులో అలా కట్టే తాళ్ళను వెంట్రుకలతోనూ పేనుతారు. ఆ వెంట్రుకలు ఎక్కడివి? గుళ్ళలో మొక్కు తీర్చుకుని తలనీలాలు ఇచ్చినవారివి. మన తిరుమల కల్యాణకట్ట సంగతి ఏ తెలుగువాడికీ చెప్పనక్కర్లేదు. పొడుగు జుట్టుకు సవరాల బజారులో గిరాకీ ఉంటుంది. పొట్టి వెంట్రుకలు ఇలాంటి తాళ్ళలోకి చేరతాయి. ఎవరో తల్లి బిడ్డ జ్వరం తగ్గితే ఇస్తానని మొక్కుకున్న జుట్టు ఎవరో డ్రైవరు బండికి కాపలా కాస్తోందన్నమాట. అంత బరువైన ఉక్కును అంత సన్నని వెంట్రుక మోస్తున్నట్టు చూపించడంలో ఆవిడ ఉద్దేశం ఏమిటో మీకు నేను చెప్పనవసరం లేదు. ఇప్పుడా పని లండన్‌లో టేట్ మ్యూజియం సొత్తు.

ఈ పని గురించి తెలిశాక ట్రాఫిక్ సిగ్నల్ దగ్గర ముందున్న ఆటో తాడు కనబడితే నా చూపు అక్కడే ఆగుతుంది. ఎవరి మొక్కో, ఎవరు పేనారో అనుకుంటాను. మన మధ్యే ఉండి మన కంట పడని దాన్ని కంట పడేలా చేయడం సమకాలీన కళ నేర్పే పెద్ద పాఠమని నా నమ్మకం. ఆ పాఠానికి వయసుతో పనిలేదు. నిజం చెప్పాలంటే, వయసున్నవాళ్ళకే అది బాగా అందుతుంది. ఇరవై ఏళ్ళ కుర్రాడికి ఆ తాడు తాడే. మొక్కు మొక్కి, కొండ మెట్లెక్కి, గుండు చేయించుకున్న అరవై ఏళ్ళ మనిషికి అందులో తన బతుకు ముక్క కనిపిస్తుంది.

దీనికి కళాశాల చదువు ఉండాలన్న నియమమూ లేదు. గుంటూరు జిల్లా తుమ్మపూడిలో సంజీవదేవ్ ఉండేవారు. 1914లో పుట్టి 1999లో పోయారు. పెద్దగా బడి చదువులు చదివినవారు కాదు. హిమాలయాల దాకా తిరిగి, రష్యన్ చిత్రకారుడు నికొలాయ్ రోరిక్ కుటుంబంతో స్నేహం చేసి, తిరిగి తన పల్లెటూళ్ళోనే ఉండిపోయారు. అక్కడినుంచే దేశదేశాల కళాకారులకు ఉత్తరాలు రాశారు, బొమ్మలు గీశారు, చూడడమెలాగో తెలుగువాళ్ళకు వ్యాసాలు రాసి చెప్పారు. చుట్టూ మ్యూజియంలు లేని చోట కూర్చుని ఆయన అంత నేర్చుకున్నారంటే, మనకు అవకాశాలు లేవనడానికి నోరు రాదు.

ఇప్పుడు అవకాశాలు పెరిగాయి కూడా. 2012 డిసెంబరు 12న మొదలైన కొచ్చి బియెనాలే, పాత సుగంధద్రవ్యాల గోదాముల్లోకి, ఆస్పిన్‌వాల్ హౌస్ అనే సముద్రపు ఒడ్డు వర్తకశాలలోకి దేశదేశాల కళను తెచ్చింది. అక్కడికి వచ్చేది ఢిల్లీ, ముంబై కళాభిమానులే కాదు. ఇంటిల్లిపాదితో వచ్చే ఊరివాళ్ళు, బడిపిల్లలు, పనిచేసుకునేవాళ్ళు కూడా ఆ గదుల్లో తిరుగుతారు.

మనకు దగ్గర్లో హైదరాబాదు మాదాపూర్‌లో స్టేట్ ఆర్ట్ గ్యాలరీ ఉంది. నగరంలో ప్రైవేటు గ్యాలరీలూ చాలా ఉన్నాయి, వాటిలో చాలావాటికి టికెట్టు ఉండదు. లోపలికి వెళ్తే కొనమని అడుగుతారేమో అని భయపడేవాళ్ళను నేను చూశాను. ఎవరూ అడగరు. రాజమహేంద్రవరంలో దామెర్ల రామారావు పేరున గ్యాలరీ ఉంది. 1925లో ఇరవై ఎనిమిదో ఏటనే కన్నుమూసిన ఆయన చిత్రాలు అక్కడ ఉన్నాయి. ఆయన కాలానికి అవీ కొత్త బొమ్మలే. ఇవాళ్టి బొమ్మలు చూడబోయే ముందు వాటిని చూసి వస్తే కంటికి మంచి పునాది పడుతుంది.

వెళ్ళినప్పుడు అన్నీ చూడాలని పరుగులు పెట్టకండి. ఏదో ఒక బొమ్మ దగ్గర ఆగండి. ముందు ఇది దేనితో చేశారు అని అడగండి. అర్థం ఏమిటన్న ప్రశ్న తర్వాత. మట్టా, మైనమా, దారమా, ఇనుమా? ఆ వస్తువు మీ ఇంట్లో ఎక్కడుంది, మీ అమ్మ దాన్ని దేనికి వాడేది? చిత్రకారుడు అక్కడే ఉంటే మొహమాటపడకుండా ఎలా చేశారో చెప్పమనండి. చేసిన పద్ధతి గురించి అడిగితే సంతోషంగా చెప్పని కళాకారుడు నాకింతవరకూ తారసపడలేదు.

ఇంకొక్క మాట, బడులు నడిపేవారికి. డ్రాయింగ్ పీరియడ్‌ను లెక్కల మాస్టారికి అప్పగించే అలవాటు మానండి. వారానికి దొరికే ఆ కాస్త సమయంలో పిల్లవాడు కంటితో, చేతితో ఆలోచించడం నేర్చుకుంటాడు. అది చిన్నప్పుడే పోతే యాభై ఏళ్ళకు తిరిగి తెచ్చుకోవడం కష్టం. కష్టమేగానీ అసాధ్యం కాదు. రవీంద్రనాథ్ టాగూర్ చిత్రకళను గట్టిగా పట్టుకున్నది అరవై దాటాకే. రాతప్రతుల్లో కొట్టివేతల్ని కలుపుతూ బొమ్మలు చేయడంతో మొదలుపెట్టి, 1930లో పారిస్‌లో తొలి ప్రదర్శన పెట్టారు.

కాబట్టి రిటైరైన శ్రోతలకు నా మనవి ఇది. ఈ నెలలో ఒక పూట వీలు చేసుకుని దగ్గర్లో ఉన్న ప్రదర్శనకు వెళ్ళండి. మనవణ్ణో మనవరాలినో వెంట తీసుకెళ్ళండి. ఇంటికి వచ్చాక ఇద్దరూ ఒకే కాగితం మీద, చూసినదాన్ని గుర్తు తెచ్చుకుని గీయండి. ఎలా వచ్చిందని ఎవరినీ అడగకండి. వచ్చే నెల మళ్ళీ వెళ్ళండి.